ఫిరోజా, ఆల్చిప్ప, వెండి: బోలో టై బిళ్ల మీద జరిగే పని

అల్లిన తోలు తాడు ఒకటి, దాని రెండు కొసలకూ వెండి మొనలు, తాడు మీద పైకీ కిందికీ జరిగే ఒక బిళ్ల. బోలో టై అంటే ఇంతే. ముడి వేసే పని లేదు, అద్దం ముందు తంటాలు లేవు. మెడలో వేసుకుని బిళ్లను కాలర్ దాకా జరిపితే సరిపోతుంది. పాత కౌబాయ్ సినిమాలు చూసినవాళ్లకు ఇది వేషంలో భాగంలా అనిపించవచ్చు. కానీ అమెరికా నైరుతి భాగంలో, ముఖ్యంగా అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో, దీన్ని పెళ్లికీ ఆఫీసుకీ శాసనసభకీ కూడా కట్టుకుని వెళ్తారు. అక్కడి ఆదివాసీ జాతులైన నావహో, జూని, హోపీ కళాకారులు ఆ చిన్న బిళ్ల మీద వెండి, ఫిరోజా అనే నీలి రాయి, సముద్రపు చిప్పలు కలిపి చేసే పనికి గత శతాబ్దపు అమెరికా నగల కళలో చాలా ఎత్తైన స్థానం ఉంది.

ఆ బిళ్లను తూకం వేసి వెండి ఇంత, రాయి ఇంత అని లెక్క కడితే దాని విలువ అందదు. మన ఇళ్లలో నగ కొనేటప్పుడు ముందు బరువు చూస్తాం, తర్వాత తరుగు, మజూరీ దగ్గర బేరమాడతాం. బోలో టై విషయంలో ఆ వరస తలకిందులవుతుంది. ఇక్కడ మజూరీయే అసలు సంగతి. ముక్కను ముక్కకు ఆనించి, మధ్యలో వెంట్రుక కూడా దూరకుండా అమర్చడంలోనే దాని విలువంతా ఉంది. నకిలీలు చేసేవాళ్లు ఎగవేసేది కూడా సరిగ్గా ఆ పనినే.

కొత్త టై, పాత చేతులు

బోలో టై వయసు ఎక్కువేం కాదు. అరిజోనాలోని వికెన్‌బర్గ్ ఊళ్లో వెండి పని చేసే విక్టర్ సీడర్‌స్టాఫ్ 1940ల చివర్లో దీన్ని తానే కనిపెట్టానని చెప్పుకున్నాడు. గుర్రం మీద పోతుంటే గాలికి టోపీ ఎగిరిందట. టోపీకి చుట్టిన పట్టీకి వెండి బకిల్ ఉంది, అది ఎక్కడ పోతుందోనని తీసి మెడలో వేసుకున్నాడట. పక్కనున్న మిత్రుడు టై బాగుందని మెచ్చుకున్నాడట. ఆయన చేసిన జారే బిళ్లకు 1959లో పేటెంట్ వచ్చింది. కథ నిజమే కావచ్చు, పేటెంట్ అయితే కచ్చితంగా నిజం. కానీ మెడకు కట్టుకున్న రుమాలు జారిపోకుండా పట్టి ఉంచే బిళ్లలు ఆ ప్రాంతంలో అంతకుముందు నుంచే వాడుకలో ఉన్నాయి. ఇలాంటి వస్తువును ఒక్క మనిషి ఖాతాలో వేయడం ఎప్పుడూ అనుమానించదగ్గ విషయమే.

అరిజోనా 1971లో బోలో టైని రాష్ట్ర అధికారిక మెడ అలంకరణగా ప్రకటించింది. న్యూమెక్సికో, టెక్సస్ 2007లో అదే బాట పట్టాయి. కొలరాడో నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన బెన్ నైట్‌హార్స్ క్యాంప్‌బెల్ ఉత్తర షయెన్ జాతికి చెందినవాడు, స్వయంగా నగలు చేసే కళాకారుడు. సభలో మామూలు టై తప్పనిసరిగా ఉన్న రోజుల్లో బోలో టై కట్టుకోవడానికి ఆయన ప్రత్యేకంగా అనుమతి పొందాడు. ఒక తాడు, ఒక బిళ్ల కోసం అంత పట్టుదల దేనికని అడగవచ్చు. ఆ బిళ్ల ఆయన జాతి పనితనానికి గుర్తు కాబట్టే ఆ పట్టుదల.

ఇంతకీ కౌబాయ్‌ల మెడలో మొదలైన వస్తువు ఆదివాసీ కళాకారుల చేతికి అంత బాగా ఎందుకు ఒదిగింది? కారణం చాలావరకు దాని ఆకారంలోనే ఉంది. కంకణం చేయాలంటే వెండిని వంచాలి. వంపు మీద రాతి ముక్కలు అమర్చడం కష్టం, తొడిగి తీసేటప్పుడు కంకణం కాస్త సాగినా ముక్కలు ఊడతాయి. ఉంగరం మీద చోటే ఉండదు. హారంలో ఒకే పని పదేపదే చేయాల్సి వస్తుంది. బోలో బిళ్ల చదునుగా ఉంటుంది, వంగదు, దేనికీ ఒరుసుకోదు, ఛాతీ మీద నిలువుగా వేలాడుతూ ఎదుటివాళ్ల కంటికి నేరుగా కనిపిస్తుంది. అరచేతిలో సగం ఉన్న ఆ చోటులో ఒక పూర్తి బొమ్మ పట్టేస్తుంది. నాట్యం చేసే మనిషి, డేగ, సూర్యముఖం, ఏదైనా సరే. పైగా మగవాళ్లు సంకోచం లేకుండా పెద్ద నగ వేసుకునే అవకాశం ఇది ఇచ్చింది. అడ్డంకి ఒక్కటే, బరువు. మరీ బరువైతే బిళ్ల కిందికి జారిపోతుంది. అందుకే వెనక తాడును బిగించి పట్టే క్లిప్పు ముఖ్యం. బిళ్ల ముందువైపు ఎంత అందంగా ఉన్నా ఆ క్లిప్పు సరిగ్గా లేకపోతే టై ఉపయోగం సున్నా.

వెండి ఎలా వచ్చింది

ఈ జాతులకు ఫిరోజా, చిప్పలు ప్రాచీనమైనవి. వెండి మాత్రం కొత్తది. నావహోల్లో తొలి వెండి పనివాడిగా అట్సిడీ సానీ పేరు చెబుతారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఆయన ముందు ఇనుము పని, తర్వాత వెండి పని నేర్చుకున్నాడు. 1864లో అమెరికా సైన్యం ఎనిమిది వేలకు పైగా నావహోలను వాళ్ల నేల నుంచి తరిమి, వందల కిలోమీటర్లు నడిపించి, బాస్కే రెడోండో అనే చోట నిర్బంధించింది. చాలామంది దారిలోనే చనిపోయారు. 1868 ఒప్పందంతో మిగిలినవాళ్లు ఇళ్లకు తిరిగొచ్చారు. వెండి పని వాళ్లలో బాగా వ్యాపించింది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. అన్నీ కోల్పోయి తిరిగొచ్చిన జనం కొత్త విద్యను ఇంత త్వరగా తమ సొంతం చేసుకోవడం చరిత్రలో అరుదు. ఈ నగల అందం గురించి మాట్లాడేవాళ్లు ఆ నడకను మరచిపోకూడదు.

1872 ప్రాంతంలో అట్సిడీ చోన్ అనే నావహో పనివాడు జూని గ్రామానికి చెందిన లాన్యాడేకు ఈ పని నేర్పాడు. లాన్యాడే నుంచి 1890ల్లో అది హోపీలకు చేరింది. వెండిలో ఫిరోజాను పొదగడం 1880 ప్రాంతంలో మొదలైంది. ముడిసరుకు మొదట్లో నాణేలే. అమెరికా డాలర్లు, మెక్సికన్ పెసోలు కరిగించి, సుత్తితో సాగగొట్టి రేకు చేసేవారు. పాత ఆకురాళ్లు, ఉక్కు తుక్కు తెచ్చి వాటితోనే ముద్రలు కొట్టే అచ్చులు తయారు చేసుకునేవారు. రైలు వచ్చాక పర్యాటకులు వచ్చారు. శాంటా ఫే రైలు మార్గం వెంట హోటళ్లు నడిపిన ఫ్రెడ్ హార్వీ కంపెనీ 1899 నుంచి తేలికపాటి నగలు ఆర్డర్ ఇచ్చి చేయించడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఈ కళకు రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి తమ కోసం చేసుకునే బరువైన నగ, రెండోది బయటివాళ్ల కోసం చేసే చవక నగ. బోలో టై పుట్టేసరికి ఈ రెండు దారులూ బాగా అరిగి ఉన్నాయి. మంచి బోలో టైలు మొదటి దారికి చెందినవి.

ఎడారిలో సముద్రపు చిప్ప

ఈ బిళ్లల్లో ఎర్రగా, నారింజ రంగులో, ఊదారంగులో మెరిసే ముక్కలను చాలామంది పగడం అనుకుంటారు. పగడం కూడా వాడతారు, అది వ్యాపారుల ద్వారా మధ్యధరా సముద్రం నుంచి వచ్చింది. కానీ ఆ రంగు ముక్కల్లో చాలా ముళ్ల ఆల్చిప్పవి. పైన ముళ్లు ముళ్లుగా ఉండే ఈ చిప్ప కాలిఫోర్నియా సింధుశాఖలో దొరుకుతుంది. తెల్లగా పాలమీగడలా ఉండేది ముత్యపు చిప్ప. ఆకుపచ్చ, నీలం, గులాబీ కలగలిసి తళుకులీనేది అబలోనీ చిప్ప, అది పసిఫిక్ తీరానిది.

సముద్రం ఎక్కడ, ఈ ఎడారి ఎక్కడ? అయినా ఈ చిప్పలు అక్కడికి చేరడం వెయ్యేళ్లకు పైబడిన సంగతి. న్యూమెక్సికోలోని చాకో కాన్యన్‌లో సుమారు 850 నుంచి 1150 మధ్య విలసిల్లిన రాతి కట్టడాల్లో ప్వేబ్లో బొనీటో అతి పెద్దది. అక్కడ ఒక చిన్న గదిలో పాతిపెట్టిన మనుషుల పక్కన వేల సంఖ్యలో ఫిరోజా పూసలు, వాటితో పాటు చిప్పలు, శంఖాలు దొరికాయి. గుర్రాలు లేని, చక్రపు బండ్లు లేని కాలంలో ఆ శంఖాలు మనుషుల భుజాల మీదే వందల కిలోమీటర్లు వచ్చాయి. దక్షిణ అరిజోనాలోని హోహోకామ్ ప్రజలు చిప్పల మీద ఆమ్లంతో బొమ్మలు చెక్కారు. ఉంచాల్సిన భాగానికి జిగురు పూసి, మిగతాదాన్ని పులిసిన సగ్వారో జెముడు పండ్ల రసంలో నానబెట్టి ఉంటారని పురావస్తు పరిశోధకుల అభిప్రాయం. చిప్ప అంటే సున్నమే కదా, పులుపు తగిలితే కరుగుతుంది. ఐరోపా వాళ్లు కవచాల మీద ఆమ్లపు చెక్కడం మొదలుపెట్టడానికి ఎన్నో తరాల ముందే ఇక్కడ ఆ రసాయనం తెలిసినవాళ్లు ఉన్నారు.

నావహోల నమ్మకంలో ఈ పదార్థాలకు దిక్కులే ఉన్నాయి. వాళ్ల నేలకు నాలుగు వైపులా నాలుగు పవిత్ర పర్వతాలు. తూర్పున ఉన్న బ్లాంకా శిఖరానికి తెల్ల చిప్ప, దక్షిణాన మౌంట్ టేలర్‌కు ఫిరోజా, పడమట శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలకు అబలోనీ చిప్ప, ఉత్తరాన హెస్పెరస్ పర్వతానికి జెట్ అనే నల్లని రాయి. ఒక బిళ్ల మీద తెలుపు, నీలం, తళుకు, నలుపు నాలుగూ కనిపించాయంటే అది రంగుల పొందిక ఒక్కటే కాకపోవచ్చు, చేసినవాళ్లకు తమ నేల సరిహద్దులు కూడా కావచ్చు. జూని పనిలో ఇలాంటిదే మరో నాలుగు రంగుల కలయిక బలంగా కనిపిస్తుంది: ఫిరోజా నీలం, ముత్యపు చిప్ప తెలుపు, పగడం లేదా ముళ్ల ఆల్చిప్ప ఎరుపు, జెట్ నలుపు.

రియో గ్రాండే ఒడ్డున ఉన్న కేవా గ్రామానికి కూడా ఈ కథలో చోటుంది. శాంటో డొమింగో అని కూడా పిలిచే ఈ గ్రామంలోని వాళ్లు చిప్పను పూసలుగా అరగదీయడంలో, చిప్ప మీద ఫిరోజా ముక్కలు అతికించడంలో పేరు పొందారు. 1930ల ఆర్థిక మాంద్యంలో నల్ల రాయి కొనే స్థోమత లేక పాత కారు బ్యాటరీల పెంకులు, గ్రామఫోన్ రికార్డులు పగలగొట్టి ఆ ముక్కలతోనే పక్షి బొమ్మల హారాలు చేశారు. ఇప్పుడు వాటినే సేకరణకర్తలు ఏరికోరి కొంటున్నారు. పదార్థం ఖరీదు కన్నా అమరిక గొప్పదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

నిప్పు ముందు, రాయి తర్వాత

జూని పద్ధతిలో సూర్యముఖం ఉన్న ఒక బిళ్ల ఎలా తయారవుతుందో చూద్దాం. ముందు మందమైన వెండి రేకును రంపంతో గుండ్రంగా కోస్తారు. దాని మీద సన్నని వెండి పట్టీలను అంచు మీద నిలబెట్టి, ముఖానికి ఒక గది, నుదుటికి రెండు గదులు, చుట్టూ కిరణాలకు ఒక్కోటీ చొప్పున గదులు వచ్చేలా వంచి అతుకుతారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 92.5 శాతం స్టెర్లింగ్ వెండి. అది 800 డిగ్రీల సెల్సియస్ దాటితే కరగడం మొదలవుతుంది. టంకం అంతకన్నా కొంచెం తక్కువ వేడికే కరిగి పారాలి. రెండింటి మధ్య తేడా ఎక్కువ ఉండదు. మంట కాస్త ఆలస్యంగా తీసినా సన్నని పట్టీ ముద్దైపోతుంది. ఒక బిళ్ల మీద పదులకొద్దీ అతుకులు ఉంటే, మొదటిది ఊడకుండా చివరిది పడాలి. అందుకని ఎక్కువ వేడికి కరిగే టంకంతో మొదలుపెట్టి, తక్కువ వేడికి కరిగేదానితో ముగిస్తారు.

వెనక క్లిప్పు, అంచు చుట్టూ వేసే మెలి తీగ, చిన్న వెండి గుండ్లు, ఇవన్నీ కూడా ఈ దశలోనే అతకాలి. ఎందుకంటే ఫిరోజా నిప్పును ఓర్చుకోదు. అది రాగి, అల్యూమినియం, ఫాస్ఫరస్‌తో పాటు నీటిని కూడా తనలో ఇముడ్చుకున్న ఖనిజం. వేడి తగిలితే ఆ నీరు పోయి రంగు చెడుతుంది, పగులుతుంది. చిప్ప మాడిపోతుంది. కాబట్టి నిప్పుతో చేసే పని పూర్తిగా అయ్యాకే రాయి చేతికి తీసుకోవాలి. తర్వాత ఒక్క అతుకు వదులైనా రాళ్లన్నీ ఊడదీయాల్సిందే. ఇది వెనక్కి తిరగలేని పని.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు కష్టం. ఒక్కో గదికి సరిపోయే ముక్కను కోసి, పుల్ల కొసకు మైనంతో అంటించి, తిరిగే రాతి చక్రం మీద నీళ్లు పోస్తూ అరగదీస్తారు. గదిలో పెట్టి చూస్తారు, తీసి మళ్లీ అరగదీస్తారు. ఒక ముక్క కొద్దిగా ఎక్కువ అరిగితే పనికిరాదు, కొత్తది మొదలుపెట్టాలి. అన్నీ కుదిరాక అంటుమందుతో బిగిస్తారు. ఈ రోజుల్లో అది ఎపాక్సీ. చివరగా రాళ్లనూ వెండి పట్టీలనూ కలిపి ఒకే మట్టానికి అరగదీసి మెరుగు పెడతారు. ఈ ఆఖరి దశలోనే నేర్పు బయటపడుతుంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద ఫిరోజా 5 నుంచి 6 దాకా ఉంటుంది. చిప్ప మూడున్నర ప్రాంతంలో, వెండి మూడుకు కాస్త లోపుగా. అన్నిటినీ ఒకే ఒత్తిడితో అరగదీస్తే మెత్తనివి గుంటపడతాయి, ఫిరోజా ఎత్తుగా నిలుస్తుంది. మంచి పనివాడి బిళ్ల మీద కళ్లు మూసుకుని వేలు జరిపితే రాయి ఎక్కడ ఆగిందో, చిప్ప ఎక్కడ మొదలైందో తెలియదు.

పైగా ఈ దుమ్ము ప్రమాదకరం. రాతి దుమ్ము, చిప్ప దుమ్ము ఊపిరితిత్తులకు మంచివి కావు. చాలామంది పని చేసేది ఇంట్లోనే. నీళ్లు పోస్తూ అరగదీయడం, మాస్కు కట్టుకోవడం ఈ వృత్తిలో ఆరోగ్యానికి తప్పనిసరి. ధర ఎక్కువని అనేవాళ్లు ఈ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి.

వెండి పట్టీలు మధ్యలో లేకుండా రాయికి రాయే ఆనించి చేసే మొజాయిక్ పని ఇంకా కష్టం. తప్పును దాచడానికి పట్టీ ఉండదు. టెడ్డీ వీకీ, లియో పొబ్లానో వంటి జూని కళాకారులు ఇందులో దిట్టలు. లీకియా డెయూసే రాతిని చెక్కడంలో పేరు మోసినవాడు. తర్వాతి తరంలో ఎడ్డీ బెయూకా నాట్యమాడే మనుషుల బొమ్మలను వెండి, ఫిరోజా, చిప్పలతో దాదాపు చిన్న శిల్పాల్లా నిలబెట్టాడు. వాటిలో ఎన్నో బోలో టైలే. జూనిలో భార్యాభర్తలు కలిసి పని చేయడం మామూలే. ఒకరిది వెండి, ఒకరిది రాయి, వెనక ఇద్దరి పేర్ల తొలి అక్షరాలు. 1970లకు ముందు చేసిన వాటి మీద చాలావరకు పేరే ఉండదు. చేసినవాళ్లను శైలిని బట్టి గుర్తుపట్టాల్సిందే. గొప్ప పని కింద పేరు లేకపోవడం బాధ కలిగించే విషయం. అప్పట్లో వ్యాపారి పేరు నిలిచిపోయింది, పనివాడి పేరు పోయింది.

నావహో పద్ధతి వేరు. అక్కడ వెండిదే పెత్తనం. మధ్యలో ఒక పెద్ద ఫిరోజా, చుట్టూ అచ్చులతో కొట్టిన లోతైన ముద్రలు. కొందరు అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాయిలో మూస చెక్కి, అందులో కరిగిన వెండి పోస్తారు. ఆ రాతి గరుకుదనం బిళ్ల మీద అచ్చుపడి ఉంటుంది, దాన్ని కావాలనే వదిలేస్తారు. హోపీలది రెండు రేకుల పని. పై రేకులో బొమ్మను రంపంతో కోసి తీసి, కింది రేకు మీద అతికి, లోపలి భాగాన్ని నల్లబరుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన హోపీ యువకులకు 1947లో పాల్ సౌఫ్కీ, ఫ్రెడ్ కబోటీ ఈ పని నేర్పారు. 1949లో హోపీ వెండి పనివాళ్ల సహకార సంఘం ఏర్పడింది. ఈ పద్ధతిలో రాయి తక్కువ, ఉంటే ఒకటి.

నీలం రంగు వెనక

మన దగ్గర ఉంగరాల్లో ఫిరోజా అని అమ్మే రాయే ఇది. ఇరాన్‌లోని నిషాపూర్ గనులది మనవైపు పాత పేరు. అమెరికాలో దీనికి గనుల వారీగా పేర్లున్నాయి. శాంటా ఫే దగ్గర సెరియోస్ కొండల్లో స్పెయిన్‌వాళ్లు రాకముందే రాతి పనిముట్లతో తవ్వారు. అరిజోనాలోని బిస్బీ, కింగ్‌మన్, మొరెన్సీ రాగి గనుల్లో ఫిరోజా పక్క సరుకుగా దొరికింది. గ్లోబ్ ఊరి దగ్గరి స్లీపింగ్ బ్యూటీ గని నుంచి మచ్చలేని ఆకాశ నీలం రాయి వచ్చేది. జూని పొదుగు పనికి అది ఎంతో అనువైనది, ఎందుకంటే గీతలు లేని రాయి చిన్న ముక్కగా కోసినా రంగు మారదు. 2012లో అక్కడ ఫిరోజా తవ్వకం ఆగింది, ధరలు పెరిగాయి. రాగి ఎక్కువైతే నీలం, ఇనుము కలిస్తే ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. మధ్యలో కనిపించే గోధుమరంగు, నలుపు గీతలు చుట్టూ ఉన్న తల్లిరాయివి. అవి లోపం కాదు. సాలెగూడులా పడితే కొందరు ఎక్కువ డబ్బిచ్చి కొంటారు.

గనిలోంచి వచ్చినది వచ్చినట్టే వాడగలిగే గట్టి రాయి చాలా తక్కువ. మిగిలినది సుద్దలా మెత్తగా ఉంటుంది. దాన్ని రెసిన్‌తో గట్టిపరిచి వాడతారు. దీన్ని మోసం అనడానికి లేదు, చెప్పి అమ్మితే న్యాయమైన సరుకే. పొడిని రెసిన్‌తో కలిపి దిమ్మలుగా పోసినది మాత్రం వేరే సంగతి. హౌలైట్ అనే తెల్ల రాయికి నీలం రంగు వేసి ఫిరోజా అని అమ్మడం పచ్చి మోసం.

ఎవరు చేశారు, ఎలా చేశారు, దేనితో చేశారు

కొనేవాళ్లు ఈ మూడు ప్రశ్నలనూ కలిపేసి ఒక్క మాటలో ‘ఒరిజినలేనా?’ అని అడుగుతారు. మోసానికి సందు దొరికేది అక్కడే. 1930ల్లో అల్బుకర్కీలోని ఒక దుకాణం ఆదివాసీ కార్మికులనే పెట్టుకుని యంత్రాలతో నగలు చేయించింది. ఆదివాసీలు చేసినవన్న మాట నిజమే, చేతిపని మాత్రం కాదు. వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద చర్య తీసుకోవాల్సి వచ్చింది. 1990లో వచ్చిన ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ఆదివాసీలు చేయని వస్తువును వాళ్లు చేసినట్టు అమ్మడాన్ని నేరంగా చూస్తుంది. వ్యక్తులకు 2,50,000 డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. అయినా ఆ చట్టం మొదటి ప్రశ్నకే జవాబు. యంత్రంతో పోసిందా, రాయి అసలుదా అన్నవాటికి కాదు.

ఈ చట్టం కూడా చాలా కాలం కాగితం మీదే ఉండిపోయింది. 2015లో ఫెడరల్ అధికారులు న్యూమెక్సికో దుకాణాల మీద దాడులు చేసి, ఫిలిప్పీన్స్‌లో తయారైన నగలను నావహో, జూని నగలుగా అమ్ముతున్నారని తేల్చారు. 2018లో ఆ కేసులో ఒక వ్యాపారికి ఆరు నెలల జైలు శిక్ష పడింది. జూని లాంటి చిన్న ఊరికి నగల పనే ప్రధాన ఆదాయం. అక్కడ వారం రోజులు కూర్చుని చేసిన బిళ్ల పక్కన, దాని ఫొటో చూసి యంత్రం పోసిన బిళ్ల పదో వంతు ధరకు నిలబడితే, పిల్లలకు ఆ పని నేర్పాలని ఏ తల్లిదండ్రులకు అనిపిస్తుంది? మన కరీంనగర్ వెండి నగిషీకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ గుర్తింపు ఊరికి సంబంధించినది. అమెరికా చట్టం చేసిన మనిషి జాతికి సంబంధించినది. రెంటిలోనూ కొనేవాడు అడగకపోతే రక్షణ అంతంత మాత్రమే.

అరిజోనాలోని ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లే దారిలో కామెరన్ దగ్గర నావహోలు రోడ్డు పక్కన నగలు అమ్మే చోట చాలామంది ఆగుతారు. అక్కడ చేసినవాళ్లనే నేరుగా అడగవచ్చు. ఏ గని రాయి, గట్టిపరిచినదా, పోత పోసిందా, రేకు కోసి అతికిందా అని అడిగితే పని తెలిసినవాళ్లు సంతోషంగా చెబుతారు. ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియంలో బోలో టైల పెద్ద సేకరణ ఉంది. కొనే ముందు ఒక్కసారి అక్కడ గంటసేపు చూసి వస్తే కన్ను మారిపోతుంది. బిళ్లను తిప్పి వెనక చూడాలి. సుత్తి దెబ్బలు, ఆకురాయి గీతలు, అతుకు జాడలు చేతిపనికి సాక్షులు. వెనక అంతా ఒకే తీరున నున్నగా, సన్నని రంధ్రాలతో, పోత జాడతో ఉంటే ఆలోచించాలి. ముందువైపు ముక్కల మధ్య నీలం పొడి కలిపిన జిగురు నింపి ఉంటే కుదరని అమరికను దాచారన్నమాట.

ఇంటికి తెచ్చుకున్నాక ఒక జాగ్రత్త మన వాళ్లకు మరీ ముఖ్యం. వెండి నల్లబడితే చింతపండు వేసి తోమడం మనకు అలవాటు. బోలో టైకి అది పనికిరాదు. హోహోకామ్‌ల చిప్ప మీద పులిసిన రసం చేసిన పనే చింతపండు పులుపు ఈ చిప్ప మీద చేస్తుంది. మెరుపు పోయి గరుకుబారుతుంది. ఫిరోజా నూనెనూ చెమటనూ సెంటునూ పీల్చుకుంటుంది, రంగు ఆకుపచ్చగా మారుతుంది. పాత నావహో బిళ్లల్లో రాయి కింద మెత్తగా ఉండటానికి రంపపు పొట్టు పెట్టేవారు. నీళ్లలో ముంచితే ఆ పొట్టు ఉబ్బి రాయిని బయటికి నెడుతుంది. నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో అసలు వేయకూడదు. పొడి మెత్తని గుడ్డతో వెండి భాగాన్ని మాత్రమే తుడవాలి. గుంటల్లో ఉన్న నలుపు మురికి కాదు, కావాలని పెట్టినది, దాన్ని వదిలేయాలి.

తోలు తాడు ఎలాగూ ముందుగా అరుగుతుంది. దాన్ని మార్పించుకోవచ్చు, విలువ తగ్గదు, పాత వెండి మొనలను కొత్త తాడుకు వేయించుకోవాలి. పొదిగిన ముక్క రాలితే పారేయకుండా కాగితంలో చుట్టి బిళ్లతో పాటు దాచాలి. అది ఆ గది కోసమే అరగదీసిన ముక్క. బాగుచేసేవాళ్లు దాన్నే తిరిగి పెడతారు. అది పోతే కొత్త చిప్ప తెచ్చి, మళ్లీ మొదటి నుంచి ఆ గదికి సరిపడా అరగదీయాలి.